ముఖమొక రంగు... చెయ్యొక రంగు!

పెళ్లి వీడియో ఇంటికొచ్చిన రోజు ఎట్లా వుంటుందో మీకు తెలియంది కాదు. పొద్దున్నించే ఫోన్లు మొదలు. "వచ్చిందంట కదా... మేం వచ్చేదాకా పెట్టొద్దండి" అని. సాయంత్రానికి ఇల్లు నిండిపోతుంది. ఎవరికి వాళ్లు తమ ముఖం ఎప్పుడొస్తుందా, ఆ పట్టుచీరలో ఎట్లా వున్నామా అని చూసుకోవడమే తప్ప, తాళి కట్టేది చూసేదెవరు చెప్పండి!

మా చిన్నమ్మ కూతురి పెళ్లి 2024 మాఘమాసంలో తిరుచానూరులో, ఒక కల్యాణమండపంలో జరిగింది. వీడియో వైశాఖంలో చేతికొచ్చింది. కొర్లగుంటలో వాళ్ల హాల్లో చాపలేసుకుని పాతికమందిమి కూర్చున్నాం. పెన్‌డ్రైవ్ టీవీకి తగిలించారు. వినాయకుడూ, అరటిబోదెలూ, మేళగాళ్లూ అయిపోయి జీలకర్రా బెల్లం ఘట్టం వచ్చింది. పెళ్లికూతురి చెయ్యి పెళ్లికొడుకు తలమీద వుంది. కెమెరా దగ్గరికెళ్లింది.

"అది ఎవరి చెయ్యి?" అంది వెనకనించి ఒక చిన్నపిల్ల.

అందరం నవ్వేశాం. కానీ ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చెయ్యి మా అమ్మాయిదే. చామనఛాయకు ఇంకొక పాలు ఎక్కువ. ముఖం మాత్రం ఎవరిదో! పాలమీగడ పూసినట్టు తెల్లగా, మచ్చా గీతా లేకుండా, బొమ్మకొలువులో బొమ్మలా వుంది. పెళ్లిరోజు వేసిన మేకప్ నేను దగ్గరుండి చూసినదాన్నే. అది ఆ రంగు కాదు.

తర్వాత తలంబ్రాలు. పిల్ల నవ్వుతూ తల ఒక్కసారి పక్కకు తిప్పింది. అప్పుడు జరిగింది చూడండి! ఆ తెల్లదనం ముఖంతోపాటు తిరగలేదు. కోడిగుడ్డు ఆకారంలో ఒక తెల్లటి మరక గాల్లో నిలబడిపోయి, పక్కన కూర్చున్న మా చిన్నమ్మ చీర కుచ్చెళ్ల మీద పడింది. ఒక్క క్షణం మా పిల్ల తన సొంత రంగులో, తన సొంత నవ్వుతో కనిపించింది. అంతలో మరక పరుగెత్తుకొచ్చి మళ్లీ ముఖానికి అతుక్కుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా పిల్ల లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. కాఫీ గ్లాసులు కడుగుతూ, "అక్కా, నన్నడిగింటే వద్దనేదాన్ని కదక్కా" అంది. అంతే, ఇంకో మాట లేదు.

హాల్లో పెద్దవాళ్లు తీర్పు చెప్పేశారు. "తెల్లగా చేసినారు కదమ్మే, దానికింత బాధ యాల?" అని. అత్తవారి తరఫు వాళ్లకైతే వీడియో బ్రహ్మాండంగా నచ్చింది. అక్కడితో ఆ మాట అయిపోయింది.

అయిపోయిందనే అనుకున్నాం, ఆషాఢంలో మా అవ్వ పోయేదాకా.

అవ్వంటే మా అమ్మకూ చిన్నమ్మకూ అమ్మ. ఎనభై దాటిన మనిషి. ఫోటో అంటేనే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె కదులుతూ, మాట్లాడుతూ కనిపించే బొమ్మ మాకు ఒకే ఒక్కటి వుంది. ఆ పెళ్లిలో పీటల దగ్గరికి వచ్చి అక్షింతలు వేసి, మనవరాలి బుగ్గలు రెండు చేతుల్తో పట్టుకుని, కణతల దగ్గర మెటికలు విరిచి దిష్టి తీసింది. సరిగ్గా నలభై సెకన్లు. పదకొండోరోజు కార్యక్రమం అయ్యాక చిన్నమ్మ అది పెట్టమంది. పెట్టాం.

అవ్వ ముఖం వంగి పెళ్లికూతురి ముఖానికి దగ్గరగా రాగానే ఆ తెల్లమరక అవ్వను సగం కప్పింది. ఒక బుగ్గ నల్లగా, ఒక బుగ్గ తెల్లగా... అర్ధనారీశ్వరుడిలా. అవ్వ చెయ్యి అడ్డం రాగానే మరక తికమకపడి, పిల్లను వదిలేసి అవ్వ ముఖం మీదికే ఎక్కి కూర్చుంది. ముడతలన్నీ పోయినాయి. బేసరి మెరుపు పోయింది. సున్నం కొట్టిన గోడలాగా అయింది మా అవ్వ.

చిన్నమ్మ రిమోట్ పక్కన పెట్టేసి, "ఇది మా యమ్మ కాదు" అంది.

స్టూడియోలో...

మర్నాడే స్టూడియోకి పోయాను. పేరెందుకులెండి. తిరుపతిలో పెళ్లిళ్లకు తక్కువా, వీడియోలు తీసేవాళ్లకు తక్కువా! కొండమీద గుడిలోకి కెమెరా పోదు, సరే. కిందనేమో తిరుచానూరు మొదలుకొని శ్రీనివాసమంగాపురం దాకా ముహూర్తం వున్న రోజున కెమెరా లేని సందు కనపడదు.

కోపంగానే పోయాను. ఎడిటింగ్ చేసే అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. కళ్లకింద నల్లని వలయాలు. నేను చెప్పిందంతా విని, "మేడం, నల్లగా వుందని గొడవకొచ్చినోళ్లను చానామందిని చూసినా. తెల్లగా చేసినావని వచ్చింది మీరే మొదలు" అన్నాడు. నేను ఇంకేమన్నా అనేలోపల, ఒక పెళ్లికూతురి తండ్రి వాళ్లమ్మాయి నల్లగా వచ్చిందని డబ్బులు బాకీ పెట్టి పోయిన సంగతి చెప్పాడు. అప్పటినించీ అడిగినా అడక్కపోయినా ముఖానికి ఆ తెల్లదనం వేసి పంపడం అలవాటు చేసుకున్నాడట.

నా కోపం సగం ఎటు పోయిందో! నల్లనయ్యను చూడ్డానికి గంటలకొద్దీ క్యూలో నిలబడే వూరు మాది. పెళ్లికూతురు నల్లగా వుంటే మాత్రం కెమెరావాడిది తప్పు!

"ఎట్లా చేస్తావు నాయనా ఇది, నాక్కాస్త చూపించు" అన్నాను. కుర్చీ జరిపాడు.

అక్కా చెల్లెళ్లూ, మీలో చాలామందికి ఇది తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వీడియో అంటే బొమ్మల వరస. మన దేశంలో సాధారణంగా సెకనుకు పాతిక బొమ్మలు. వీటినే ఫ్రేములంటారు. నలభై సెకన్లంటే వెయ్యి ఫ్రేములు. రంగు సరిచేయడం రెండు విధాలు. బొమ్మ మొత్తాన్నీ వెలుగు పెంచడమో, పసుపుదనం తగ్గించడమో చేస్తే అది ఒక పద్ధతి. మొత్తం కాదు, ముఖం వరకే అంటే ముఖం చుట్టూ ఒక గీత గీయాలి. ఆ గీతను మాస్క్ అంటారు. గీత లోపలున్నదే మారుతుంది, బయటున్నది మారదు. చీర మీద అద్దకం వేసేటప్పుడు అచ్చు పెట్టి రంగేస్తారు చూడండి, అట్లాగన్నమాట.

గీయడం మనకు కొత్తేం కాదు. చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోవడమే. ముగ్గులో చుక్కలెక్కువైతే మెలికలెక్కువైనట్టే ఇక్కడా. ముఖానికి ఎనిమిదో పదో చాలు. తర్వాత అంచును మెత్తన చెయ్యాలి. అంచు కత్తిరించినట్టు వుంటే ముఖం అట్టముక్కలా కనబడుతుంది. సంక్రాంతి ముగ్గులో ఒక రంగు ఇంకో రంగులో కలిసిపోయేట్టు వేలితో తోస్తాం కదా, ఆ మెత్తదనం కావాలి.

అసలు తంటా అంతా తర్వాతే. మనిషి కదులుతుంది, గీత కదలదు! దాన్ని కదిలించాలి. మొదటి ఫ్రేములో ముఖం ఇక్కడుంది అని ఒక గుర్తు పెడతారు. పాతికో ఫ్రేములో ముఖం అక్కడికి జరిగింది అని గీతను జరిపి ఇంకో గుర్తు. ఈ గుర్తునే కీఫ్రేమ్ అంటారు. మధ్యలో వున్నవన్నీ కంప్యూటరే పూరించుకుంటుంది. ఈ మాట కార్టూన్ సినిమాల వాళ్లనించి వచ్చింది. అక్కడ పెద్ద చిత్రకారులు ముఖ్యమైన భంగిమలు గీసి పెడితే, మధ్యలో బొమ్మలన్నీ చిన్నవాళ్లు గీసేవాళ్లు. ఇక్కడ ఆ చిన్నవాళ్ల పని కంప్యూటరుది.

ట్రాకింగ్ అని ఇంకొకటుంది. కంప్యూటరే ముఖంలోని గుర్తులను పట్టుకుని వెంటబడుతుంది. పని సులువే కానీ, మధ్యలో చెయ్యి అడ్డం వచ్చినా, దండ అడ్డం వచ్చినా, అక్షింతల వాన కురిసినా దారి తప్పిపోతుంది. జాతరలో చెయ్యి వదిలిన పిల్లవాడు ఎవరి కొంగు దొరికితే అది పట్టుకున్నట్టు! మా పిల్లను వదిలేసి అవ్వను పట్టుకున్నది అదే. ఎడిటరు కూర్చుని చూసుకుంటూ అక్కడక్కడా చేత్తో సరిదిద్దాలి. రెండు నెలల్లో పద్దెనిమిది పెళ్లిళ్లు చేసిన అబ్బాయికి ఆ తీరిక ఎక్కడిది?

"మాస్క్ తీసేస్తే కింద బొమ్మ అట్లే వుంటాది మేడం. పొర మాదిరి, అంతే" అన్నాడు. నిజమే. అసలు బొమ్మను ఎవరూ గీకలేదు. ఆ పొర ఆపేసి రాత్రికి రాత్రి వీడియో మొత్తం మళ్లీ తీసిస్తానన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కెమెరాలో తీసిన అసలు వీడియో ఆరు నెలలు దాటితే వాళ్లు చెరిపేస్తారట. డిస్కులు మళ్లీ వాడుకోవాలి కదా. పెళ్లయి అప్పటికి అయిదు నెలలు దాటింది. గుండె గుభేలుమంది నాకు. వెంటనే ఒక హార్డ్‌డిస్క్ కొనుక్కొచ్చి అదంతా ఎక్కించుకున్నాను. నాలుగైదు వందల జీబీ అయింది. మీ ఇళ్లలో పెళ్లయి ఆరు నెలలు దాటకుండా వుంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు స్టూడియోకి ఫోన్ చేయండి.

పొర తీస్తే ఏముంది?

పొర తీసేసిన వీడియో వచ్చింది. మా పిల్ల తన రంగులో వుంది, కళకళలాడుతూ. చూసుకుని మురిసిపోయింది. కానీ అవ్వ? అవ్వ వచ్చిన ఆ నలభై సెకన్లలో స్టేజీ మీద వూదారంగు లైట్లు తిరుగుతున్నాయి. అవ్వ ముఖం ఒకవైపు చీకటి, ఇంకోవైపు వంకాయరంగు!

దీనిక్కారణమూ ఆ అబ్బాయే చెప్పాడు. పెళ్లికొడుకు తెల్లపంచె, వెనక తెల్లపూల అలంకరణ. వెలుగు ఎంత రానివ్వాలో కెమెరా తనంతట తాను లెక్కేసుకునేటప్పుడు ఆ తెలుపును చూసి 'అమ్మో వెలుగెక్కువైంది' అని తగ్గించేస్తుంది. నల్లటి ముఖం చీకట్లోకి పోతుంది. తెల్లటి ముఖమైతే పెద్ద తేడా తెలియదు. అంటే మా అవ్వ అంత నల్లగానూ లేదు, అంత తెల్లగానూ లేదు. కెమెరా ఒక అబద్ధం చెబితే, ఎడిటరు ఇంకో అబద్ధం చెప్పాడన్నమాట.

ఇది ఇప్పటి సంగతే కూడా కాదు. ఫిల్ము రోజుల్లో అమెరికాలో కోడాక్ కంపెనీ ఫోటోలు కడిగే ల్యాబులకు రంగు సరిచూసుకోవడానికి ఒక అమ్మాయి ఫోటో పంపేది. 'షర్లీ కార్డు' అనేవాళ్లు. మొదటి కార్డులో వున్నది 1950ల నాటి కోడాక్ ఉద్యోగినే. తెల్లమ్మాయి. ఆమె రంగు సరిగ్గా వస్తే మిషను సరిగ్గా వున్నట్టు! తక్కిన ప్రపంచం ముఖాలన్నీ ఆమె ముఖానికి సరిపెట్టుకోవలసిందే. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ ఈ కథంతా తవ్వి తీశారు. ఫిల్ములో ముదురు రంగులు సరిగా పడడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్లలో చాక్లెట్ల కంపెనీలూ, కొయ్యసామాన్ల కంపెనీలూ వున్నాయని ఆమె రాశారు. మనుషుల కోసం మారనిది చాక్లెట్టు కోసం కదిలిందన్నమాట, చూశారా!

మన వూళ్లలో పాత ఫోటో స్టూడియోల వాళ్లు నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్ది ముఖం తేటపరిచేవాళ్లు. పెళ్లిచూపుల ఫోటో అంటే ఆ పెన్సిలు పడాల్సిందే. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. ట్యూబు మీద మాట మారింది. పెళ్లిళ్ల పేరయ్యల నోట్లో 'పిల్ల కలరెట్లా వుంటాది?' అన్న మాట మారిందా? ఆ పెన్సిలే ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కింది, సెకనుకు పాతికసార్లు దిద్దుతోంది.

అయితే పనిముట్టును తిట్టి లాభం లేదు. ఇదే పని తలుచుకుంటే ఎంత అందంగా చేయొచ్చో మన తెలుగువాళ్లకు తెలియనిది కాదు. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన 'మాయాబజార్' 2010 జనవరిలో రంగుల్లో విడుదలైంది కదా. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు 165 మందితో ఎనిమిది నెలలు కూర్చుని చేశారట ఆ పని. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున రెండున్నర లక్షల పైచిలుకు ఫ్రేములు. ఘటోత్కచుడి భోజనాల దగ్గర లడ్డుకొక గీత, గారెకొక గీత, గంగాళానికొక గీత. అవి గాల్లో లేస్తే గీతలూ లేవాలి! శశిరేఖ చీర ఏ రంగో 1957 నాటి కెమెరాకే తెలియదు. ఎవరో కూర్చుని ఆలోచించి నిర్ణయించాల్సిందే. మార్కస్ బార్ట్‌లీ తీసిన ఆ పడవ మీది వెన్నెలను ముట్టుకోవాలంటే నాకైతే చేతులు వణికేవి. నలుపు తెలుపే బాగుందనే వాళ్లున్నారు. మా ఇంట్లోనూ వున్నారు. నేను రెండూ చూస్తాను.

అమెరికాలో 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే సినిమాలో ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపీ రాష్ట్రంలోని పచ్చటి వేసవి చెట్లనన్నింటినీ కంప్యూటర్లో ఎండుగడ్డి రంగుకు తెచ్చారు. కథకు కరువు కావాలి, వూళ్లో పచ్చదనం వుంది, ఏం చేస్తారు! ఆ రోజుల్లో ఈ యంత్రాలు పెద్ద స్టూడియోల్లోనే వుండేవి. డావిన్సీ అనే కంపెనీ తయారుచేసిన యంత్రాల్లో ఈ మాస్కులను 'పవర్ విండో' అనేవాళ్లు. ఆ కంపెనీని 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొనుక్కుంది. 2011నించి డావిన్సీ రిజాల్వ్‌లో ఒక రకాన్ని వుచితంగా ఇస్తున్నారు. అదీ నా అదృష్టం.

నలభై సెకన్లు... పదకొండు మధ్యాహ్నాలు

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో అది వుంది. వినాయకచవితి సెలవులకొచ్చినప్పుడు అడిగితే, "నీకెందుకత్తా ఇదంతా, నేను చేస్తా కదా" అన్నాడు. వాడు చేసేది నాకు తెలుసు. రెండు నొక్కులు నొక్కి 'అయిపోయింది' అంటాడు. నేర్పించమన్నాను. డిగ్రీలో నేను కంప్యూటరు ముఖం ఎరగను. అయినా కథలు టైపు చేసుకోవడం నేర్చుకున్నదాన్ని, ఇది రాదా అని మొండితనం.

మొదటి రోజు ప్రతి ఫ్రేముకూ ఒక గుర్తు పెట్టేశాను. ఎంత శ్రద్ధో! నడిపించి చూస్తే అవ్వ ముఖం చుట్టూ వెలుగు వణుకుతోంది, చలిజ్వరం వచ్చినట్టు. మేనల్లుడు పడీపడీ నవ్వాడు. "అన్నెందుకు పెట్టినావత్తా? తల ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో అక్కడ పెట్టు చాలు" అన్నాడు. అవన్నీ తీసేసి, మనిషిని గమనించడం మొదలుపెట్టాను. అవ్వ మెట్టెక్కి ఒక్క క్షణం ఆగుతుంది. మోకాలు నొప్పి కదా. అక్కడొక గుర్తు. అక్షింతలు వేసి వంగుతుంది. అక్కడొకటి. వంగేది నిదానంగా, లేచేది ఇంకా నిదానంగా. కంప్యూటరుకు వదిలేస్తే ఒకే వేగంతో జరుపుతుంది. మనిషి అట్లా కదలదు. మొత్తానికి ముప్ఫై ఒక్క గుర్తులతో సరిపోయింది. ఆ నలభై సెకన్లలో అవ్వ ఎక్కడెక్కడ ఆగిందో నాకిప్పుడు కంఠతా వచ్చు.

చేతులు అడ్డం వచ్చిన చోట ఇంకో చిక్కు. ముఖం మీది మాస్క్ చేతుల మీద కూడా పడుతుంది. చేతులకు వేరే గీత గీసి, దాన్ని మొదటి గీతలోంచి తీసివేయాలి. ఇదొక్కటే రెండు మధ్యాహ్నాలు మింగేసింది. మధ్యలో పాలు పొంగిపోయాయి, ఒకరోజు కరెంటు పోయింది. అవన్నీ మామూలే.

గీతలు కుదిరాక రంగు. వెక్టర్‌స్కోప్ అని గుండ్రటి పళ్లెంలాంటి ఒక పటం వుంటుంది. ఏ రంగు ఏ దిక్కున ఎంత వుందో చుక్కల్లో చూపిస్తుంది. అందులో ఎరుపుకూ పసుపుకూ మధ్యగా ఒక గీత. మనిషి చర్మానికి సంబంధించిన గీత అది. నన్ను ఆశ్చర్యంలో ముంచేసిన సంగతేమిటంటే... తెల్లవాళ్లయినా, ఆఫ్రికావాళ్లయినా, మనమైనా, మామూలు వెలుగులో తీస్తే చర్మం చుక్కలన్నీ ఇంచుమించు ఆ ఒక్క గీత పక్కనే పడతాయి! తేడా వుండేది వెలుగులోనూ, రంగు గాఢతలోనూ. దిక్కు మాత్రం ఒకటే. నా మేనల్లుడి ముఖం, నా ముఖం, టీవీలో ఒక ఇంగ్లీషు వార్తలావిడ ముఖం, అన్నీ పెట్టి చూసుకున్నాను. నమ్మబుద్ధి కాక!

మా అవ్వ చుక్కలు మాత్రం ఆ లైట్ల పుణ్యమా అని వూదావైపు ఎక్కడో కూర్చున్నాయి. వాటిని మెల్లగా గీతవైపు లాక్కొచ్చాను. చీకటిని కాస్త ఎత్తాను. ముడతలు తేలాయి. బేసరి తళుక్కుమంది. కానీ ఎంత ఎత్తాలి? ఇక్కడ ఆగిపోయాను. ఎక్కువ ఎత్తితే స్టూడియో అబ్బాయి చేసిందే నేనూ చేసినట్టు. ఎత్తకపోతే కెమెరా చేసిందాన్ని ఒప్పుకున్నట్టు. అవ్వ అసలు రంగు ఏది? నాకు గుర్తుందనుకున్నాను. కళ్లు మూసుకుంటే పెరట్లో ఎండలో కూర్చున్న అవ్వ ఒక రంగు, దీపం దగ్గర అవ్వ ఒక రంగు.

చిన్నమ్మను పిలిపించాను. వచ్చి కూర్చుంది. అటొకటి ఇటొకటి రెండు రకాలు చూపించాను. ఏమీ మాట్లాడలేదు. ముంజేతికున్న గాజులు పైకి తోసుకుని, చేతిని ల్యాప్‌టాప్ అద్దానికి ఆనించి పెట్టింది. అవ్వ చెంప పక్కన.

"మా యమ్మ రంగు నాకే వచ్చింది. మీ అమ్మకు రాలేదు" అంది. "ఇంకొంచెం దించు... ఇంకొంచెం... ఆఁ, ఇట్లే వుండేది."

కిటికీ తెరిచే వుంచాం, పగటి వెలుగు చేతి మీద పడాలని. చిన్నమ్మ చెయ్యి చూసుకుంటూ చక్రం తిప్పాను. పుస్తకాల్లో ఈ పద్ధతి వుందో లేదో గానీ, మా ఇంట్లో ఇదే!

పూర్తిగా కుదిరిందని చెప్పను. ఆ లైటు బలంగా పడిన చోట, ఎడమ చెంప అంచున, రంగు వివరాలు అసలు కెమెరాలోనే పడలేదు. లేని దాన్ని ఏ మాస్కూ తేలేదు. సన్నటి వూదా చార ఒకటి అట్లాగే మిగిలిపోయింది. పెళ్లి మాట్లాడుకునేటప్పుడే స్టేజీ లైట్లవాళ్లకు 'పీటల మీద పెద్దవాళ్లు వున్నంతసేపు ఆ రంగులు తిప్పొద్దు' అని చెబితే ఈ బాధ వుండదు. స్టూడియోవాళ్లకూ ముందే చెప్పాలి, ముఖం రంగు మార్చొద్దని, నోటితో కాదు, అడ్వాన్సు రసీదు వెనకాల రాయించాలి. నల్లటి ముఖాన్ని చీకటి కాకుండా తీయడం వేరు, తెల్లగా చేయడం వేరు. మంచి కెమెరావాడికి ఆ తేడా తెలుసు, అడిగేవాళ్లుంటే చేసిపెడతాడు. ఇంకొకటి, ఎంత సరిగా చేసినా మీ టీవీలో బొమ్మ రంగులు 'వివిడ్'లో పెట్టి వుంటే అన్నీ భగ్గుమంటూ కనిపిస్తాయి. నేను పదకొండు మధ్యాహ్నాలు కష్టపడింది మా ఇంటి టీవీలో చూసి లబోదిబోమన్నాను. సెట్టింగు మార్చాక కుదుటపడింది.

స్టూడియో అబ్బాయికి కూడా ఆ నలభై సెకన్లు చూపించాను. రెండుసార్లు చూశాడు. "చేతుల దగ్గర ఎట్లా తీసేసినారు మేడం?" అని అడిగాడు. చెప్పాను. నాకు కాస్త గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు! ఇప్పుడు పెళ్లివాళ్లను ముందే అడుగుతున్నానని చెప్పాడు. పదిమందిలో ఎనిమిదిమంది 'తెల్లగానే చెయ్యి' అంటున్నారట.

అవ్వ సంవత్సరీకం 2025లో జరిగింది. ఆ రోజు పెట్టాం. అవ్వ మెట్టెక్కి ఆగింది, వంగింది, మెటికలు విరిచింది. హాల్లో ఎవరో "వుండు, వుండు, ఇంగోసారి పెట్టు" అన్నారు. అయిదుసార్లు పెట్టించుకున్నారు.

మా పిల్ల అత్తవారింట్లో మాత్రం ఇప్పటికీ మొదటి పెన్‌డ్రైవే ఆడుతోంది. కొత్తది ఇచ్చి వచ్చింది. వాళ్లత్తగారు తీసుకుని, "రెండూ వుండనీమ్మా" అని బీరువాలో పెట్టారట. పోయిన నెల చుట్టాలొస్తే ఏది పెట్టారే అని అడిగాను.

"తెల్లదే పెట్టినారక్కా. కానీ తలంబ్రాల కాడ మా ఆయన ఆపినాడు, ఆ మరక జారిపోయే చోట. 'ఇదిగో, ఇదీ మా ఆవిడ' అని చూపించినాడు అందరికీ" అంది, ఫోన్లో నవ్వుతూ.